మాగని ఎరువు

రేవుకు ఎదురుగా గుట్టవాలు మీద ఉన్న ఆ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో ఉదయపు పని తాడు లాగడంతో మొదలవుతుంది. అది యాభై గజాల కొబ్బరితాడు. ఒక కొస తోటమేస్త్రీ చలమయ్య చేతిలో, రెండో కొస కలుపు తీసే దేముడమ్మ చేతిలో ఉంటుంది. ఇద్దరూ పచ్చికకు చెరొక అంచున నిలబడి, తాడును గడ్డి కొసల మీద ఆనీ ఆనకుండా పట్టుకుని, ఒకే అడుగుతో తూర్పు గోడ నుండి పడమటి గోడ వరకు నడుస్తారు. తాడు తగిలిన పరకలు తలలు వంచి మళ్ళీ లేస్తాయి. వాటి మీద నిలిచిన నీటిబొట్లూ, రేవు వైపు నుండి గాలికి వచ్చి పడిన ఎర్రటి దుమ్మూ కిందికి రాలిపోతాయి. ఇలా దులపకపోతే గడ్డికి తెగులు పడుతుందని చలమయ్య నిశ్చయం. పదకొండేళ్ళుగా జోరున వాన కురిసిన రోజున తప్ప ఆ పని మానలేదు. పశువుల ఎరువు, చెరువు మట్టి, వేపపిండి, కుండలో నానబెట్టిన వేరుశనగ చెక్క నీళ్ళు, ఇవి తప్ప సంచుల్లోనూ సీసాల్లోనూ వచ్చే మందు ఏదీ ఆ పచ్చిక మీద పడలేదు.

ఎనభై మూడో సంవత్సరం జూలై మొదటి గురువారం నాడు తాడు నడిమధ్యకు వచ్చేసరికి అవతలి కొస వదులైంది.

“ఆగన్నా,” అంది దేముడమ్మ.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిలోంచి ఒక పరకను పైకి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించింది. గరిక కాడ గుండ్రంగా దొర్లుతుంది. ఇది దొర్లలేదు. మూడు పలకలుగా వేలికి గుచ్చుకుంది.

“ఏటది?” అన్నాడు చలమయ్య అంత దూరం నుండే.

“నువ్వే వొచ్చి సూడు. సుట్టమొచ్చినాడు.”

అతడు తాడు నేల మీద పెట్టి వచ్చాడు. చూడనవసరం లేకుండానే అతనికి తెలిసింది. నిన్నటి జల్లుకు పచ్చికంతటా లేతపసుపు కలిసిన ఆకుపచ్చ మొనలు గరికను దాటి బెత్తెడు పైకి లేచాయి. ఒకటి చూసిన కంటికి పది కనిపించాయి. పది చూశాక లెక్క పెట్టడం మానుకున్నాడు.

“తుంగ,” అన్నాడు. “గాలికి వొచ్చుంటాది.”

దేముడమ్మ నవ్వింది. “గెడ్డలు గాలికి ఎగిరొచ్చీత్తాయేటన్నా? ఆటికి రెక్కలున్నాయా?”

“మరి నీళ్ళల్లో కొట్టుకొచ్చుంటాది.”

“గుట్ట మీదకి నీళ్ళెక్కినాయేటి?” ఆమె ఆ పరకను నోట్లో పెట్టుకుని కొరికి ఉమ్మేసింది. “ఎక్కడినుంచొచ్చిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. తాడు అట్టుకో. పొద్దెక్కిపోతంది.”

అతనికి తెలుసు. ప్రతి సంవత్సరం ఎరువునూ చెరువు మట్టినీ కలిపి గుంటలో ఆరు నెలలు మగ్గబెట్టి, రెండుసార్లు తిరగేసి, తీగజల్లెడతో జల్లించి, జూన్ తొలకరికి పచ్చిక మీద పలుచగా పరుస్తారు. మట్టితో వచ్చిన తుంగగడ్డ ఏదైనా ఉంటే గుంట వేడికి ఉడికిపోతుంది, మిగిలినది జల్లెడలో దొరికిపోతుంది. ఈ ఏడు ఎరువు బండి మార్చిలో గాని రాలేదు. చలమయ్యకు మోకాలి నొప్పి. గుంట తిరగెయ్యలేదు, జల్లెడ పట్టలేదు. పరిచే రోజున దేముడమ్మ తట్టలో చెయ్యి పెట్టి, “ఇది మాగలేదన్నా, ఇంకా ఏడిగా ఉంది. ఈ ఏడు మానీ,” అంది. నాకు ఎరువు సంగతి చెప్పవచ్చావా అని అతడు చిరచిరలాడాడు. ఆమె మరి మాట్లాడకుండా పరిచింది.

ఇద్దరూ మళ్ళీ తాడు పట్టుకున్నారు. పడమటి గోడ వరకు నడిచారు.

పదిగంటలకు జీపు వచ్చింది. ఎస్టేటు ఆఫీసరు భీమశంకరరావు దిగి, చేతిలో ఫైలుతోనే పచ్చిక చుట్టూ ఒకసారి తిరిగాడు. ఈ నెల పద్దెనిమిదిన ఢిల్లీ నుండి చైర్మన్ వస్తున్నాడు. తేనీటి విందు ఈ పచ్చిక మీదనే. కుర్చీలు ఎక్కడ వెయ్యాలో, షామియానా గుంజలు ఎక్కడ పాతాలో చూసుకోవడానికి వచ్చిన మనిషి నడిమధ్యలో ఆగిపోయాడు.

“ఇదేమిటి చలమయ్యా?”

“తుంగండి బాబూ.”

“నిన్నమొన్నటిదాకా లేదే. ఎలా వచ్చింది?”

దేముడమ్మ పది అడుగుల దూరంలో గొంతుకూర్చుని ఉంది. ఆమె చేతిలోని బొరిగె ఆగింది. చలమయ్య ఆ ఆగడాన్ని విన్నాడు. మట్టిలో ఇనుము గీసుకునే చప్పుడు అంతవరకు ఉండి, అప్పుడు లేకపోయింది.

“కలుపు సరిగా తియ్యలేదండి,” అన్నాడు.

ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు. ఆ ఆవరణలో కలుపు తీసే మనిషి ఒక్కతే.

భీమశంకరరావు ఆమె వైపు తిరిగాడు. ఆమె లేచి నిలబడి, చీర చెంగు నడుముకు దోపుకుంది. ఆఫీసరు వైపు చూడలేదు. చలమయ్య వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. మాట సగంలో ఆపిన మనిషి మిగతా సగం చెప్తాడని ఎదురుచూసే చూపు. చలమయ్య వంగి, పచ్చిక చదును చేసే రోలరు పిడికి చుట్టిన గుడ్డ ఊడిపోయినట్లు దాన్ని విప్పి మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. రెండు ముళ్ళు వెయ్యవలసిన చోట నాలుగు వేశాడు.

“రేపటినుండి నువ్వు రానక్కరలేదమ్మా,” అన్నాడు భీమశంకరరావు. గట్టిగా అనలేదు. ఆయన ఎవరినీ గట్టిగా అనే మనిషి కాదు.

ఆమె కుళాయి దగ్గర బొరిగె కడిగి, పనిముట్ల గదిలో దాని చోట దాన్ని పెట్టింది. కాళ్ళు కడుక్కుంది. చలమయ్య పక్కనుండి పోతూ ఒక్క మాట అంది.

“టీ గలాసు అరుగు మీద ఎట్టినాను. మూత ఎట్టుకో, ఈగలు వాలతన్నాయి.”

గేటు తీసిన చప్పుడు వినిపించింది, వేసిన చప్పుడూ వినిపించింది. తరువాత చాలాసేపు అతడు రోలరు దగ్గరే ఉన్నాడు.

మర్నాడు ఆరుగంటలకు తాడు తీసుకుని పచ్చిక మీదికి వచ్చాక గాని రెండో కొస ఎవరు పడతారన్న ప్రశ్న అతనికి తట్టలేదు. గునపం ఒకటి తెచ్చి అంచున పాతి, తాడు దానికి కట్టి, తన కొస పట్టుకుని నడిచాడు. తాడు నేరుగా పోలేదు. గునపం చుట్టూ సగం పళ్ళెంలా తిరిగింది. మిగతా సగానికి గునపం పెరికి మరోచోట పాతాడు. అరగంటలో అయ్యే పనికి గంటన్నర పట్టింది. అయినా నాలుగు మూలలా నీరు అలాగే నిలిచి ఉంది.

వాచ్‌మన్ సన్యాసిరాజు గేటు దగ్గర బీడీ కాలుస్తూ అంతా చూశాడు. “గునపానికి గావంచా సుట్టండి మేస్త్రీ,” అన్నాడు. “దూరానికి మనిసిలాగే ఉంటాది. నడవదు గానీ ఎదురు సెప్పదు.”

చలమయ్య గునపం పెరికి భుజాన వేసుకున్నాడు.

ఆ పగలంతా కూర్చుని తుంగ పీకాడు. మేస్త్రీ అయ్యాక కలుపుకు కూర్చోవడం అతనికి అలవాటు తప్పింది. కుడి మోకాలు ముడుచుకోదు, కాలు చాపుకుని ఒరిగి కూర్చుని పీకాలి. గుప్పెడు పట్టుకుని లాగితే తెల్లటి మొదలుతో సహా వచ్చేది. సాయంత్రానికి తట్టన్నర నిండింది. శనివారం రెండు తట్టలు. ఆదివారం కారుషెడ్డు వెనుక తన గదిలో వంట చేసుకోవడం మాని, పొద్దుటి చద్దన్నమే తిని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. సోమవారం ఉదయం శుక్రవారంనాడు పీకిన వరసలో అంతే దట్టంగా కొత్త మొనలు లేచి ఉన్నాయి. పీకక ముందుకంటె దట్టంగా ఉన్నాయేమో కూడా.

ఆ నాలుగు రోజులలో వాచ్‌మన్ వేళాకోళం తప్ప అతనితో మాట్లాడిన వాళ్ళు లేరు. నిజానికి అంతకు ముందు మాత్రం ఎవరు మాట్లాడేవారు? అతిథులు పచ్చికను చూసేవారు, తోటమాలిని చూసేవారు కారు. ఆఫీసరు ప్రశ్నలు వేసేవాడు. మిగతా మాటలన్నీ ఆ పది అడుగుల దూరంలోంచే వచ్చేవి. మల్కాపురం కుళాయి దగ్గర ఎవరెవరు కొట్టుకున్నారో, చెల్లెలి కొడుక్కి రిఫైనరీలో కూలిపని దొరికిందో లేదో, ఈ రోజు చేపల రేటు ఎలా ఉందో, అన్నీ ఆమె నేల వైపు చూస్తూ చెప్పేది, అతడు నేల వైపు చూస్తూ వినేవాడు. ఊఁ కొట్టడం తప్ప తాను ఏనాడూ ఏమీ చెప్పలేదని, ఇప్పుడు ఊఁ కొట్టడానికి ఏమీ లేకపోయాక అతనికి తెలిసింది.

మంగళవారం వంటమనిషి ఆరోగ్యమ్మ టీ తెచ్చి అరుగు మీద రెండు గ్లాసులు పెట్టింది. పెట్టి, చూసి, నాలుక కరుచుకుంది.

“అలవాటయిపోనాది,” అంది. “సరేలే, రెండూ నువ్వే తాగు. పాలు దండగ.”

ఒక గ్లాసు అందుకున్నాడు. ఆమె వెళ్ళకుండా కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“దేముడమ్మ సంగతి విన్నావా? సీతమ్మధారలో డాక్టరు గారింటికి కలుపు పనికి ఎల్లిందంట. ముందెక్కడ సేసేవని అడిగితే ఇక్కడని సెప్పింది. ఆళ్ళు ఫోను సేసి కనుక్కున్నారు. మన గుమస్తా ఉన్నాడు కదా, ఆయన సెప్పీసినాడు, లానంతా తుంగ ఒగ్గీసిందని మానిపించీసినామూ అని. ఇంక ఆళ్ళెందుకెట్టుకుంటారు?”

చలమయ్య గ్లాసులోకి చూస్తున్నాడు.

“కూలిడబ్బులు పోతే పోనాయి,” అంది ఆరోగ్యమ్మ. “సిన్నప్పట్నుంచి ఆ సేతుల్తో కలుపు తప్ప ఇంకోటి ఎరగదు. ఆ మాట అనిపించుకున్నాక ఏ ఇంటికెల్తాది? నిన్న గుడి దగ్గర అగుపడితే పలకరించినాను. నీ గురించి ఏమీ అన్లేదు. నానడిగినాను కూడా. అన్లేదు.”

ఆమె ఖాళీ గ్లాసు ఒకటీ, నిండు గ్లాసు ఒకటీ తీసుకుని వెళ్ళిపోయింది.

చలమయ్య చేతులు కడుక్కున్నాడు. గదిలోకి వెళ్ళి ఖాకీ చొక్కా మార్చి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. మూడు గంటలకు భీమశంకరరావు ఆఫీసు గది గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నాక గడప దాటాడు.

“తుంగ కలుపు తియ్యక వచ్చింది కాదండి బాబూ. ఎరువులో వొచ్చింది. నాను మగ్గబెట్టలేదు, జల్లించలేదు. ఆ మనిసి వొద్దని సెప్పింది కూడా. నానినలేదు.”

భీమశంకరరావు కలం మూత పెట్టాడు. అతని ముఖం చూశాడు.

“ఆ రోజు ఎందుకు చెప్పలేదు?”

చలమయ్య గడప వైపు చూశాడు.

“సరే, చెప్పావు. మంచిదే,” అన్నాడు ఆఫీసరు. “నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఈ పేడా మట్టీ బాధ మనకెందుకు? సంచి యూరియా చల్లితే వారంలో గడ్డి ముదురుపచ్చగా వస్తుంది. తుంగకు మందు ఉంది, కొడితే చస్తుంది. ద్వారకా నగర్‌లో ఒక కాంట్రాక్టరుతో మాట్లాడాను కూడా. అప్పుడు ఎరువు గుంట అక్కరలేదు, కలుపు తీసే మనిషీ అక్కరలేదు.”

నిజం చెప్తే ఆమె తిరిగి వస్తుందనుకున్నాడు చలమయ్య. నిజం చెప్పినందుకు ఆమె చోటే లేకుండా పోతున్నది.

“పద్దెనిమిది దాకా ఒగ్గీండి బాబూ,” అన్నాడు. “సేత్తో తీసేత్తాం. మళ్ళీ మొలిత్తే మీ ఇష్టం. మందే కొట్టించండి.”

“తీసేస్తాం అంటున్నావు. ఎవరు తీసేది?”

“ఆవిడ రావాలండి. నా వల్ల కాదు. నాలుగు రోజులు పీకి సూసినాను.”

ఆ మాట అనడానికి అతనికి మొదటి మాట కంటె ఎక్కువ కష్టమైంది. భీమశంకరరావు కిటికీలోంచి పచ్చిక వైపు చూసి, కలం మూత మళ్ళీ తీశాడు.

“పిలుచుకో, వస్తే. విందునాడు ఒక్క తుంగ కనిపించినా పంతొమ్మిదిన కాంట్రాక్టరు వస్తాడు.”

దేముడమ్మ ఉండే మల్కాపురంలో బస్సు దిగేసరికి పొద్దు ఇంకా ఉంది. రిఫైనరీ గొట్టం కొసన మంట పగటి వెలుగులో పలుచగా ఆడుతున్నది. పదకొండేళ్ళలో ఆ వీధి పేరు వందసార్లు విన్నాడు గాని ఒక్కసారీ రాలేదు. ఇద్దరిని అడిగి సందు కనుక్కున్నాడు. దేముడమ్మ చెల్లెలి ఇంటి గుమ్మం ముందు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతున్నది. అతన్ని చూసి లేచి, చేట పక్కన పెట్టి, లోపలి నుండి పీట తెచ్చి వేసింది.

“కూసోండి మేస్త్రీ గారూ.”

అతడు కూర్చోలేదు. ఇంతకాలం అన్నా అని పిలిచిన గొంతులో ఆ మన్నన వింటే అతనికి చెంప మీద కొట్టినట్లయింది. ఆమె మళ్ళీ చేట ఒడిలోకి తీసుకుంది.

“ఆఫీసరు బాబుతో సెప్పినాను,” అన్నాడు. “ఎరువు తప్పని. నా తప్పని.”

“ఊఁ.”

“రమ్మన్నారు.”

“ఊఁ.”

ఆమె వేలు బియ్యంలో తిరుగుతున్నది. ఒక నల్లరాయి తీసి సందులోకి విసిరింది.

“తుంగ మళ్ళీ లెగిసిందా?” అంది.

“లెగిసింది. పీకిన సోటల్లా లెగిసింది.”

“పీకితే లెగుత్తాది.”

చెల్లెలు లోపలి నుండి తొంగి చూసి, ఎవరని అడిగింది. “పనికాడ మేస్త్రీ గారు,” అని చెప్పింది దేముడమ్మ. కాసేపటికి చేట దించి అతని వైపు చూసింది.

“వొత్తాను. కానీ ఆఫీసరు బాబుకి సెప్పీసినంత మాత్రాన సరిపోదు. ఆయన సీతమ్మధార ఎల్లి సెప్తాడేటి? ఆ డాక్టరు గారి ఇంటావిడికి తెలవాలి. ఫోనులో ఎల్లింది మాట. ఫోనులోనే ఎనక్కి రావాలి. మీ నోటితోనే. నాను పక్కన నిలబడాల.”

“నాకు ఫోను మాటాడ్డం రాదు దేముడమ్మా.”

“నాకు మాత్రం ఆ ఇంటి గుమ్మంలోంచి ఎనక్కి రావడం వొచ్చేటి? వొచ్చినాను కదా.”

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి గుమస్తా శ్రీరామ్మూర్తి విసుక్కుంటూనే నంబరు తిప్పాడు. విషయం తెలిసి ఆరోగ్యమ్మ గుమ్మం దగ్గరకు వచ్చింది. సన్యాసిరాజు గేటు వదిలి కిటికీ దగ్గర నిలబడ్డాడు. దేముడమ్మ గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని ఉంది. చలమయ్య రిసీవరును రెండు చేతులా పట్టుకున్నాడు.

“అటుది ఇటు,” అన్నాడు శ్రీరామ్మూర్తి, తలకిందులుగా ఉన్నదాన్ని తిప్పి పెడుతూ. “మాట్లాడు. అరవక్కరలేదు.”

“అమ్మగారండి,” అన్నాడు చలమయ్య. అరిచినట్లే వినిపించింది. “నాను గెస్ట్‌హౌసు తోటమేస్త్రీని, చలమయ్యనండి. దేముడమ్మ అని మీ ఇంటికి పనికొచ్చింది కదండి. తుంగ ఆవిడ ఒగ్గింది కాదండి. నాను మాగని పచ్చెరువు ఏసినాను. ఆవిడ వొద్దంది. తప్పు నాదండి. ఆవిడ సెయ్యి ఎట్టిన సోట కలుపు ఉండదండి.”

అవతల ఏదో గొంతు గీరగా వినిపించింది. అతడు విన్నాడు. “సిత్తమండి,” అన్నాడు. ఇంకా ఏదో అంటారేమోనని చాలాసేపు రిసీవరు చెవి దగ్గరే పెట్టుకున్నాడు. శ్రీరామ్మూర్తి అందుకుని పెట్టేశాడు.

“ఏటన్నారు?” అంది ఆరోగ్యమ్మ.

“వేరే మనిసిని ఎట్టీసుకున్నారంట. ఏ దేముడమ్మ అని అడిగినారు. గేపకం లేదంట.”

సన్యాసిరాజు కిటికీలోంచి నవ్వాడు. “ఈ మాత్రానికి అంత కేకెందుకు మేస్త్రీ? కంచరపాలెం దాకా ఇనబడుంటాది. ఇంక ఎవరికీ ఫోను సెయ్యక్కర్లేదు.”

దేముడమ్మ నవ్వలేదు. కట్టుకున్న చేతులు విప్పి, పనిముట్ల గది వైపు నడిచింది.

తాడు లాగే వేళ అప్పటికే దాటిపోయింది. పచ్చిక ఆరిపోయి ఉంది. ఆమె ఈశాన్యపు మూల నుండి మొదలుపెట్టి, దారం పట్టినట్లు ఒక వరస గీసుకుని కూర్చుంది. చలమయ్య పక్క వరసలో కాలు చాపుకుని కూర్చున్నాడు. ఆమె పీకడం లేదు. పరక మొదట్లో బొరిగె మొనను జానెడు లోతు దించి, మట్టిని ఒక పక్కకు ఎత్తి, వేలితో కిందికి వెతుక్కుంటూ పోయి, నల్లటి గడ్డను బయటికి తీస్తున్నది. గడ్డకు వెంట్రుకలాంటి వేరు, ఆ వేరు కొసన మరో గడ్డ, దానికి ఇంకొకటి. చివరిది చేతికి వచ్చాక మట్టి నొక్కి, దాని మీద గరికను అరచేత్తో సర్ది, ముందుకు జరుగుతున్నది.

అతడు అలాగే చెయ్యబోయాడు. వేరు తెగింది. మరోటి తీశాడు. అదీ తెగింది.

“ఆగండి,” అంది. అతని వరసలోకి వంగి, తెగిన చోట మట్టి తవ్వి, లోపల ఉండిపోయిన మూడు గడ్డలు తీసి అతని అరచేతిలో పెట్టింది. పెసరగింజంతది ఒకటి, మిగిలినవి రేగుపండ్లంతవి. “ఇయ్యి ఉండిపోతే మళ్ళీ లెగుత్తాయి. మీకు సేతకాదు ఈ పని. తట్ట ఎత్తండి.”

చలమయ్య లేచాడు. మోకాలు పట్టింది. ఒక క్షణం ఆగి, నిండిన తట్ట ఎత్తుకుని ప్రహరీ బయట సిమెంటు గచ్చు మీదికి తీసుకుపోయి, గడ్డలు ఎండకు మాడిపోయేటట్లు పలుచగా పరిచాడు. తిరిగి వచ్చేసరికి ఆమె నాలుగు అడుగులు ముందుకు పోయింది. ఖాళీ తట్ట ఆమె కుడిచేతికి అందేటట్లు పెట్టి, వెనుకగా నిలబడ్డాడు. చెల్లెలి కొడుకు సంగతి అడగాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆమె తల ఎత్తలేదు.

“మీ నీడ పడతంది,” అంది. “గెడ్డలు అగుపడతం లేదు.”

చలమయ్య తన నీడ ఆ వరస మీద పడకుండా ఆమెకు అటు పక్కకు జరిగి, ఎండకు ఎదురుగా నిలబడ్డాడు.